పెళ్లి ఆపాం సరే, మళ్లీ జరగకుండా ఆపేదెలా? బాల్య వివాహ నిషేధ చట్టం అమలు మీద కొన్ని ప్రశ్నలు

పల్లె_పహరా అడిగిన ప్రశ్న

గ్రామ బాలల పరిరక్షణ కమిటీల కోసం చిన్న కరదీపిక ఒకటి రాస్తున్నాం. చదివేది సర్పంచి, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, బడి హెడ్‌మాస్టరు, మహిళా సంఘం లీడరు. అందుకని "అవగాహన కల్పించాలి" లాంటి మాటలు పక్కన పెట్టి, ఎవరు ఏ కాగితం పట్టుకుని ఎక్కడికి వెళ్లాలో రాయాలనుకుంటున్నాం. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం ఆసాంతం చదివాం. ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 నిండాలన్నది ఊళ్లో అందరికీ తెలిసిందే. చిక్కంతా అమలు దగ్గరే. నాలుగు చోట్ల కలం ఆగిపోయింది.

మొదటిది: అధికారులు వెళ్లి పెళ్లి ఆపుతారు. తల్లిదండ్రుల చేత "18 నిండేదాకా చేయం" అని హామీ పత్రం రాయించుకుని వచ్చేస్తారు. పది రోజులు తిరక్కుండానే పక్క జిల్లాలో మేనమామ ఇంట్లోనో, ఏదో ఒక గుడిలోనో తాళి పడిపోతుంది. ఆ హామీ పత్రానికి కోర్టులో విలువెంత?

రెండోది: ఆధార్‌లో ఒక పుట్టిన తేదీ, బడిలో ఇంకొకటి ఉంటాయి. దేన్ని పట్టుకోవాలి?

మూడోది: కబురు అందిన మొదటి రోజు ఎవరు ఏం చేయాలి?

నాలుగోది: పెళ్లి జరిగిపోయాక తెలిస్తే, అది చెల్లినట్టా చెల్లనట్టా?

నల్లకోటు జవాబు

హామీ పత్రం సంగతి ముందు చెబుతాను. ఈ చట్టం అమలులో పెద్ద చిల్లు అక్కడే ఉంది.

తండ్రి రాసిచ్చిన హామీ పత్రం ఒట్టి కాగితం. దాన్ని మీరి పెళ్లి చేస్తే, మీరినందుకు వేరే శిక్ష లేదు, ఆ పెళ్లి చెల్లుబాటు మీద దాని ప్రభావం ఏమీ ఉండదు. కొన్నిచోట్ల ఇంకో అడుగు ముందుకేసి తహసీల్దార్ దగ్గర బైండోవర్ చేయిస్తారు, అంటే పెళ్లి చేయబోమని పూచీకత్తు రాయిస్తారు. షరతు తప్పితే పూచీకత్తు సొమ్ము పోతుంది, అంతే. పెళ్లి మాత్రం నిలిచే ఉంటుంది.

చట్టం ఇచ్చిన అసలు ఆయుధం సెక్షన్ 13. ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ ఆ పెళ్లిని నిషేధిస్తూ ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) ఇవ్వవచ్చు. బాల్య వివాహ నిషేధ అధికారి దరఖాస్తు పెట్టాలి. ఆయన కదలకపోతే, సంగతి స్వయంగా తెలిసినవాళ్లు ఎవరైనా, నమ్మదగిన సమాచారం ఉన్న స్వచ్ఛంద సంస్థ అయినా ఫిర్యాదు చేయవచ్చు. మేజిస్ట్రేట్ తనంత తానుగా కూడా తీసుకోవచ్చు. మామూలుగా అవతలివాళ్లకు నోటీసు ఇచ్చి వాళ్ల మాట వినాలి. ముహూర్తం దగ్గర పడితే నోటీసు లేకుండానే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం అదే సెక్షన్‌లో ఉంది.

దీని బలం సెక్షన్ 14లో కనిపిస్తుంది. ఇంజంక్షన్ ఉండగా, అది మధ్యంతరమైనా తుది ఉత్తర్వు అయినా, దాన్ని కాదని చేసిన పెళ్లి మొదటినుంచే చెల్లదు. ఎవరూ మళ్లీ కోర్టుకెళ్లి రద్దు చేయించుకోవలసిన పని లేదు. ఉత్తర్వు తెలిసీ మీరినవారికి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆడవాళ్లకు మాత్రం జైలు శిక్ష వేయకూడదని చట్టమే చెప్పింది.

"తెలిసీ" అన్న మాట దగ్గర కేసులు జారిపోతాయి. ఉత్తర్వు వచ్చిందని పోలీసులు నోటితో చెప్పి వస్తే, రేపు కోర్టులో "మాకు అందలేదండీ" అంటారు. ప్రతి ఒక్కరికీ నకలు ఇచ్చి, తేదీ, సమయం వేయించి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. తీసుకోనంటే ఇద్దరు సాక్షుల ఎదుట తలుపుకు అంటించి పంచనామా రాయాలి. ఒక నకలు స్టేషన్‌కు, ఒకటి పంచాయతీ కార్యదర్శికి, ఒకటి మండపం యజమానికి చేరాలి.

దరఖాస్తులో ఇంకో తప్పు తరచూ జరుగుతుంది. "ఫలానా తేదీన ఫలానా ఫంక్షన్ హాలులో జరగబోయే పెళ్లిని ఆపవలసింది" అని మాత్రమే రాస్తారు. ఉత్తర్వు కూడా అలాగే వస్తుంది. హాలు మారింది, తేదీ మారింది, ఇక వాదన మొదలు. అమ్మాయికి 18 నిండే తేదీ స్పష్టంగా రాసి, ఆ తేదీ వరకు ఎవరితోనూ, ఎక్కడా పెళ్లి చేయకుండా నిషేధించమని అడగాలి. అంత విస్తృతంగా ఇవ్వాలా వద్దా అన్నది మేజిస్ట్రేట్ విచక్షణ. అడగడం మన బాధ్యత.

అడ్మిషన్_రిజిస్టర్ జవాబు

వయసు గురించి. పిల్లల వయసు తేల్చడానికి 2015 బాల న్యాయ చట్టం సెక్షన్ 94 ఒక వరస పెట్టింది. మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకుంటే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అదీ లేనప్పుడే ఎముకల పరీక్ష లాంటి వైద్య పరీక్ష. ఈ వరసలో ఆధార్ లేదు. ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఒక పరిహారం కేసులో చెబుతూ ఇదే సెక్షన్‌ను ఎత్తిచూపి, బడి సర్టిఫికెట్‌కే విలువిచ్చింది. కాబట్టి ఇంట్లోవాళ్లు ఆధార్ తీసి చూపించగానే వెనక్కి తిరగక్కర్లేదు.

బడి నుంచి ఏం తేవాలి? ఒక్క టీసీ సరిపోదు. అమ్మాయి మొదట చేరిన బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో ఆ పేజీ నకలు, హెడ్‌మాస్టరు సంతకం, ముద్ర, అడ్మిషన్ నంబరుతో తీసుకోవాలి. బడి మారినప్పుడల్లా తేదీ దిద్దుబాట్లు జరుగుతుంటాయి. మొదటి బడి పుస్తకం దగ్గర వివాదం చాలావరకు తేలిపోతుంది.

జనన ధ్రువపత్రం తెస్తే అందులో రెండు తేదీలు చూడండి. పుట్టిన తేదీ ఒకటి, నమోదు చేసిన తేదీ ఒకటి. పదహారేళ్ల క్రితం పుట్టిన పిల్లకు గత నెలలో నమోదు జరిగి ఉంటే ఆగి ఆలోచించాలి. ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయాలంటే మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. ఆ ఉత్తర్వు నకలు, దానికి జత చేసిన ఆధారాలు అడగండి. ఆలస్యంగా నమోదైనంత మాత్రాన దొంగ పత్రం అని కాదు. పెళ్లికి ముందు హడావిడిగా పుట్టించినదా కాదా అన్నది తేలాలి.

ఎముకల పరీక్ష మీద ఆశ పెట్టుకోవద్దు. అది ఒక తేదీ చెప్పదు. "16 నుంచి 18 మధ్య" లాంటి అంచనా ఇస్తుంది. రెండేళ్లు అటూ ఇటూ ఉండొచ్చని సుప్రీంకోర్టు 1982లోనే గుర్తించింది. పరీక్షకు పదిహేను రోజుల గడువుంది, ముహూర్తం ఎల్లుండి ఉంటుంది.

ఇక మన ఊళ్లలో లెక్క పెట్టే తీరు. "పిల్లకు పద్దెనిమిది వచ్చిందండీ" అని తండ్రి నిజాయితీగానే చెబుతాడు. ఆయన ఉద్దేశం పద్దెనిమిదో ఏట పడిందని. అంటే నిండినవి పదిహేడు. చట్టం అడిగేది నిండిన ఏళ్లు. కాగితం మీద తీసివేత చేసి చూపించండి. పుట్టింది 14-08-2009, పెళ్లి 10-05-2026 అనుకుందాం. అమ్మాయి వయసు 16 ఏళ్ల 8 నెలల 26 రోజులు. పెళ్లి చేయడానికి వీలయ్యే మొదటి రోజు 14-08-2027. ఈ రెండు వరసలూ తల్లిదండ్రుల ముందు రాస్తే సగం వాదన అక్కడే ఆగిపోతుంది.

మండల_డ్యూటీ జవాబు

మొదటి రోజు గురించి నేను రాస్తాను.

ఫోన్ చేయాల్సింది పిల్లల హెల్ప్‌లైన్ 1098కి. అది తగలకపోతే 112కు. చెప్పేవాళ్లు పేరు చెప్పక్కర్లేదు. కానీ అమ్మాయి పేరు, తండ్రి పేరు, వీధి, చదివే బడి, తరగతి, ముహూర్తం తేదీ, పెళ్లి ఎక్కడ జరుగుతుందన్నది, పెళ్లికొడుకు ఊరు, ఇవి ఉంటే పని కదులుతుంది. "మా ఊళ్లో చిన్నపిల్లకు పెళ్లి చేస్తున్నారు" అని పెట్టేస్తే, వెతుక్కునేసరికి తెల్లారిపోతుంది.

అధికారి చేసే మొట్టమొదటి పొరపాటు బయల్దేరే ముందు ఊళ్లో పెద్దమనిషికి ఫోన్ చేయడం. ఆ ఫోన్ పెట్టేసిన పావుగంటలో పెళ్లివారింటికి తెలుస్తుంది. ఉదయం తొమ్మిదిన్నర ముహూర్తం తెల్లవారుజాము మూడింటికి మారుతుంది. లేదా పిల్లను ఆటో ఎక్కించేస్తారు. దారిలో ఉన్నప్పుడు స్టేషన్‌కు చెప్పండి, ఊరికి చేరాక సర్పంచిని కలవండి.

ఇంటికి వెళ్లాక అమ్మాయితో విడిగా మాట్లాడాలి. వరండాలో ఇరవైమంది చుట్టాల మధ్య నిలబెట్టి "నీకు ఇష్టమేనా అమ్మా?" అని అడిగితే తలూపడం తప్ప ఆ పిల్ల చేయగలిగింది ఏముంది? మహిళా ఉద్యోగి లోపలి గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గర ఎవరూ లేకుండా చూసి, చదువు గురించి మొదలుపెట్టాలి. ఇష్టం ఉందన్నా చట్టం మారదు. అయినా ఇంట్లో కొడుతున్నారా, బలవంతం ఉందా, ఇంకెవరితోనైనా వెళ్లిపోతుందన్న భయంతో తొందరపడుతున్నారా అన్నది తెలియకపోతే తర్వాతి నిర్ణయం తప్పుతుంది.

పెళ్లి ముప్పున్న పిల్ల, బాల న్యాయ చట్టం ప్రకారం, రక్షణ, సంరక్షణ అవసరమైన బాలిక. ఇంట్లో వదలడం క్షేమం కాదనిపిస్తే ప్రయాణ సమయం కాకుండా 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. కమిటీ ఆ రోజు కూర్చోకపోతే ఒక్క సభ్యుడి ముందైనా హాజరుపరచవచ్చు. పదిహేను రోజుల్లో పిల్ల ఇంటి పరిస్థితులపై సామాజిక నివేదిక రావాలి. బాలసదనానికి తీసుకెళ్తుంటే "నేనేం తప్పు చేశానని" అని పిల్ల ఏడుస్తుంది. అది శిక్ష కాదని, పుస్తకాలు, బట్టలు తెచ్చుకోవచ్చని ఇంట్లోనే చెప్పాలి. ఆమె బడి సంచీ మర్చిపోకుండా తీసుకెళ్లడం చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ తిరిగి చదువులో నిలబడేది ఆ సంచీతోనే.

పెళ్లి ఆగాక అసలు పని మొదలవుతుంది. తండ్రి అప్పటికే మండపానికి, బంగారానికి అప్పు తెచ్చి ఉంటాడు. పెళ్లివారు ఇచ్చిపుచ్చుకున్నవి తిరిగి అడుగుతారు. ఆ ఒత్తిడి ఎక్కువగా ఉండే మొదటి రెండు వారాల్లోనే రహస్యంగా రెండో ముహూర్తం పెడతారు. కాబట్టి ఆ పదిహేను రోజుల్లో అంగన్‌వాడీ టీచరో, ఆశానో కనీసం నాలుగుసార్లు ఆ గడప తొక్కాలి. తర్వాత నెలకోసారి చాలు. బడి రోజుల్లో వరసగా మూడు రోజులు రాకపోతే హెడ్‌మాస్టరు ఆ సాయంత్రమే ఫోన్ చేయాలి. పది తప్పి ఇంట్లో కూర్చున్న పిల్లకైతే సప్లిమెంటరీ ఫీజు కట్టించడం, పాసైనదానికి కస్తూర్బా విద్యాలయంలోనో గురుకులంలోనో ఇంటర్ సీటు చూడటం, ఇవి ఉపన్యాసాల కన్నా గట్టిగా పనిచేస్తాయి. పది పరీక్షలయ్యాక వచ్చే వేసవి సెలవులు అన్నిటికన్నా ప్రమాదకరం. పిల్ల ఏ హాజరుపట్టీలోనూ ఉండదు, ఎవరూ వెతకరు.

అధికారులు వెనకాడటానికి కారణం కూడా చెప్పాలి. బాల్య వివాహ నిషేధ అధికారి అన్నది మన దగ్గర ఎక్కువచోట్ల రెవెన్యూ, స్త్రీ శిశు సంక్షేమ శాఖల ఉద్యోగులకు ఉన్న పనికి తోడు తగిలించిన బాధ్యత. ధాన్యం కొనుగోళ్లు, సర్వేలు, ఎన్నికల పని మధ్యలో ఇదొకటి. 2024 అక్టోబరు 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ సంగతే ప్రస్తావించి, జిల్లా స్థాయిలో ఇదే పనిగా చూసే అధికారి ఉండాలని, వారి మీద వేరే బరువులు పెట్టవద్దని చెప్పింది. మీ మండలానికి ఆ అధికారి ఎవరో, ఫోన్ నంబరు ఏమిటో పంచాయతీ గోడ మీద రాయించండి. కరదీపికలో మొదటి పేజీ అదే కావాలి.

లెక్కల_పుస్తకం జవాబు

కేసుల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు దేశంలో 23.3 శాతం, తెలంగాణలో 23.5, ఆంధ్రప్రదేశ్‌లో 29.3. ఇవి అంతకుముందు కొన్నేళ్లలో జరిగిన పెళ్లిళ్లు. ఒక్క ఏడాది లెక్క కాదు. అయినా, 2021లో ఈ చట్టం కింద దేశం మొత్తం మీద నమోదైన కేసులు 1,050 మాత్రమే అని జాతీయ నేర గణాంకాలు చెబుతుంటే, రెండిటి మధ్య ఎంత అగాధం ఉందో చూడండి.

కేసు నమోదైనా నిలబడకపోవడానికి కారణం సాక్షులు. పెళ్లి చూసినవాళ్లంతా చుట్టాలే. విచారణ నాటికి "పెళ్లి కాదు, ఓణీల ఫంక్షన్" అంటారు. పురోహితుడు, "మేజర్ అనుకున్నాను" అంటాడు. సెక్షన్ 10 ఆ వాదనకు చోటిచ్చింది, కానీ నమ్మడానికి కారణం ఉందని రుజువు చేసుకోవలసిన భారం ఆయనదే. వయసు పత్రం అడిగి చూశారా, నకలు పెట్టుకున్నారా అని దర్యాప్తులో మొదటే అడిగితే ఆ వాదన బలం తేలిపోతుంది.

అందుకే మనుషుల మాట కన్నా వస్తువులు సేకరించాలి. లగ్నపత్రిక, శుభలేఖ, హాలు రసీదు, వంటవాళ్లకిచ్చిన అడ్వాన్సు చీటీ, ఫొటోగ్రాఫర్ దగ్గరి అసలు ఫైళ్లు. వాట్సాప్ స్టేటస్ స్క్రీన్‌షాట్ తీసి ఊరుకుంటే కుదరదు. కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జత కావాలి.

గడువు కూడా గుర్తుండాలి. ఈ చట్టం కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లే కాబట్టి, కోర్టు మూడేళ్లలోపే కేసును విచారణకు స్వీకరించాలి. ఛార్జిషీటు ఆలస్యమై కొట్టుకుపోయే ప్రమాదం ఉంది. ఇది నాన్‌బెయిలబుల్ నేరమే అయినా ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాలలో అరెస్టు తప్పనిసరి కాదు, పోలీసులు నోటీసు ఇచ్చి పిలవవచ్చు. "నాన్‌బెయిలబుల్ అన్నారు, సాయంత్రానికే ఇంటికొచ్చేశాడు" అని ఊళ్లో నిరుత్సాహపడేది ఇందుకే.

పల్లె_పహరా

చాలా ఉపయోగపడింది. నాలుగో ప్రశ్న మిగిలింది. పెళ్లయిపోయిన పిల్ల, అందులోనూ గర్భంతో ఆసుపత్రికి వచ్చిన పిల్ల విషయంలో ఏం రాయాలి? కేసు భయంతో ఆసుపత్రికే రాకుండా పోతున్నారన్న మాట వినిపిస్తోంది.

నల్లకోటు జవాబు

1929 నాటి శారదా చట్టంలో శిక్ష ఉండేది గాని, జరిగిన పెళ్లి మాత్రం నిలిచేది. 2006 చట్టం సెక్షన్ 3 దాన్ని కొంత మార్చింది. బాల్య వివాహం రద్దు చేయదగినది. అంటే, దానంతట అది రద్దు కాదు. చిన్న వయసులో పెళ్లయిన వ్యక్తి కోరితేనే రద్దవుతుంది. మైనరుగా ఉన్నప్పుడైతే సంరక్షకులు లేదా ఆప్తులెవరైనా బాల్య వివాహ నిషేధ అధికారితో కలిసి పిటిషన్ వేయాలి. మేజరయ్యాక తానే వేసుకోవచ్చు, మేజరైన రెండేళ్లలోపు. అంటే అమ్మాయికి 20 నిండేలోగా. ఈ గడువు చాలామందికి తెలియదు, కరదీపికలో పెద్ద అక్షరాల్లో వేయండి. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అక్కడ, లేకపోతే జిల్లా కోర్టులో. అమ్మాయి ఇప్పుడు ఉంటున్న ఊరి పరిధిలోనూ వేయవచ్చు, అత్తవారి ఊరికే పోనక్కర్లేదు.

రద్దు డిక్రీ (కోర్టు తీర్పు)తోపాటు రెండు వైపులా ఇచ్చిపుచ్చుకున్న డబ్బు, నగలు తిరిగి ఇప్పించాలి. అమ్మాయికి మళ్లీ పెళ్లయ్యేదాకా భరణం, ఉండటానికి చోటు ఇప్పించవచ్చు. భర్త మైనరైతే భరణం అతని తల్లిదండ్రుల మీద పడుతుంది. పిల్లలుంటే వారు చట్టబద్ధ సంతానమే.

మోసంతోనో బలవంతంతోనో, సంరక్షకుల చేతిలోంచి తీసుకుపోయో, అమ్మకంగానో చేసిన పెళ్లి అయితే సెక్షన్ 12 ప్రకారం అసలే చెల్లదు. కర్ణాటక, హర్యానా తమ సవరణలతో అన్ని బాల్య వివాహాలనూ చెల్లనివిగా చేశాయి. మన దగ్గరా అలా చేయాలని చాలామంది అడుగుతారు. నేను కొంత ఆగి ఆలోచించమంటాను. భరణం గురించిన సెక్షన్ 4, "సెక్షన్ 3 కింద డిక్రీ ఇచ్చేటప్పుడు" అన్న మాటతో ముడిపడి ఉంది. పిల్లల హక్కు చెప్పే సెక్షన్ 6 కూడా అంతే. ఆ రెండిటినీ ముందు సరిచేయకుండా అన్నిటినీ చెల్లనివిగా ప్రకటిస్తే, కడుపుతో ఉన్న పిల్ల ఏ కాగితంతో భరణం అడగాలి?

అడ్మిషన్_రిజిస్టర్

ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. 20 ఏళ్లలోపు, అత్తవారింట్లో ఉంటూ, చేతిలో రూపాయి లేని అమ్మాయి కోర్టుకు వస్తుందని అనుకోవడమే తప్పు. భారం ఆమె మీద పెట్టడం కన్నా చట్టమే చెల్లదనడం మేలు. భరణం సెక్షన్ సవరించడం ఒక్క వాక్యం పని.

నల్లకోటు

ఆ ఒక్క వాక్యం ముందు పడాలన్నదే నా మాట. వరస మారకూడదు.

మండల_డ్యూటీ జవాబు

ఆసుపత్రి ప్రశ్నకు నేను చెబుతాను. 2017 అక్టోబరు 11న సుప్రీంకోర్టు, 18 లోపు భార్యతో లైంగిక సంబంధం కూడా అత్యాచారమేనని తేల్చింది. కొత్త భారతీయ న్యాయ సంహితలోనూ అదే వయసు పెట్టారు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం, నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. డాక్టరైనా, ఏఎన్ఎం అయినా. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు.

కుటుంబానికి మాత్రం ఇది వేరేలా అర్థమవుతుంది. "ఆసుపత్రిలో గర్భిణి కార్డు రాయించుకుంటే అల్లుడు జైలుకు పోతాడు" అని. 2023 ఫిబ్రవరిలో అస్సాంలో మూడు వేలమందికి పైగా అరెస్టు చేసినప్పుడు గర్భిణులు ఆసుపత్రులకు రావడానికి భయపడుతున్నారన్న ఆందోళన గట్టిగా వినిపించింది. పదహారేళ్ల పిల్లకు రక్తహీనత, గుర్రపువాతం (గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడం) ముప్పు ఎక్కువ. ఆ పిల్ల ఇంట్లో మంత్రసాని చేతిలో పడితే రెండు ప్రాణాలు పోతాయి.

కరదీపికలో ఇలా రాయండి. వైద్యం ముందు, దానికి ఎఫ్ఐఆర్ అక్కర్లేదు. ఏ ఆసుపత్రీ "పోలీసు కాగితం తెండి" అని తిప్పి పంపకూడదు. సమాచారం ఇవ్వడం తప్పనిసరి, అది దాచవద్దు. కానీ ఇచ్చేటప్పుడు బాలల సంక్షేమ కమిటీకి కూడా వెళ్లేలా చూడాలి, అప్పుడే అమ్మాయి తిండి, ఆశ్రయం, తోడు గురించి ఎవరో ఒకరు ఆలోచిస్తారు. అమ్మాయి గర్భం తీయించుకోవాలనుకుంటే సంరక్షకుల సమ్మతితో 24 వారాల దాకా అవకాశం ఉంది. ఆ సందర్భంలో అమ్మాయి, సంరక్షకులు కోరితే డాక్టరు పోలీసు సమాచారంలో ఆమె పేరు, వివరాలు చెప్పక్కర్లేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. చాలా పీహెచ్‌సీలలో ఈ సంగతి తెలియదు. తెలిస్తే పిల్లలు వస్తారు.

లెక్కల_పుస్తకం

ఒక చిన్న చేర్పు. "మా మతాచారం వేరు, ఈ చట్టం మాకు వర్తించదు" అన్న వాదన ఎదురవుతుంది. హైకోర్టులు వేర్వేరుగా చెప్పాయి. కేరళ హైకోర్టు 2024లో మతంతో పనిలేకుండా అందరికీ వర్తిస్తుందంది. సుప్రీంకోర్టు అదే ఏడాది అక్టోబరు తీర్పులో ఆ ప్రశ్నను తేల్చకుండా వదిలింది. ఊళ్లో ఆ చర్చలోకి దిగొద్దు. పోక్సో, బాల న్యాయ చట్టం మతాన్ని బట్టి మారవు, వాటితో ముందుకు వెళ్లవచ్చు.

పల్లె_పహరా

నల్లకోటు గారూ, ఇంజంక్షన్ దరఖాస్తులో అడిగే భాగం ఎలా ఉండాలో నాలుగు వాక్యాలు రాసిస్తారా? అనుబంధంలో పెడతాం.

నల్లకోటు జవాబు

ఇలా పెట్టండి, ఖాళీలు నింపుకుంటే చాలు.

"పై బాలిక పుట్టిన తేదీ ........ అని ........ పాఠశాల అడ్మిషన్ నంబరు ........ వల్ల తెలుస్తున్నది (నకలు జతపరచడమైనది). ఆమెకు ........ తేదీన 18 సంవత్సరాలు నిండుతాయి. ప్రతివాదులు ........ తేదీన ఆమె వివాహం జరిపించుటకు ఏర్పాట్లు చేసినారు (శుభలేఖ జతపరచడమైనది). కావున బాల్య వివాహ నిషేధ చట్టం, 2006, సెక్షన్ 13 ప్రకారం, పై తేదీ వరకు ఆ బాలిక వివాహమును పై వేదిక వద్ద గాని, మరే ప్రదేశమున గాని, పై వరునితో గాని, మరెవరితో గాని ప్రతివాదులు జరిపించకుండా, జరిపించుటకు సహకరించకుండా నిషేధిస్తూ ఉత్తర్వు ఇవ్వవలసినదిగాను, ముహూర్తం సమీపించినందున నోటీసుతో పనిలేకుండా తక్షణమే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవలసినదిగాను ప్రార్థన."

ప్రతివాదులలో తండ్రి పేరు ఒక్కటే రాయకండి. తల్లి, ఇంట్లో పెద్దగా చలామణీ అయ్యే మేనమామ లేదా పెదనాన్న, వరుడు, వరుడి తల్లిదండ్రులు, పురోహితుడు, మండపం యజమాని, అందరి పేర్లూ విడివిడిగా, చిరునామాలతో ఉండాలి. పేరు లేనివాడి మీద ఉత్తర్వు ఉన్నట్టు కాదు, రేపు తాళిబొట్టు అందించేది వాడే అవుతాడు.